పాత డెస్క్‌టాప్‌ని పారేసే ముందు మూత తీయండి

పాత కంప్యూటర్లని నడిపే విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ ఇచ్చే మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఆ తర్వాత పాత టీవీ ఒకటి వదిలేద్దామని మా టౌన్‌షిప్ ఈ-వేస్ట్ కేంద్రానికి వెళ్లాను. కుప్పలో డెస్క్‌టాప్‌లే ఎక్కువ కనిపించాయి. చాలావాటికి మూత మరలు కూడా ఎవరూ తిప్పినట్టు లేదు. మన న్యూజెర్సీలో 2011 నుంచి కంప్యూటర్లను మామూలు చెత్తలో వేయకూడదు, మంచి చట్టమే. కానీ ఆ కుప్పలో సగమైనా చెడిపోయినవి కావని నా గట్టి నమ్మకం. నెమ్మదించాయి, అంతే.

మా బేస్‌మెంట్‌లోనూ అలాంటిదే ఒకటి ఉంది. 2010లో కొన్నాం. మొదటి తరం కోర్ ఐ5 ప్రాసెసర్, ర్యామ్‌కి (పని చేసేటప్పుడు కంప్యూటర్ వాడుకునే మెమరీ) నాలుగు స్లాట్లు, అందులో రెండింటిలో రెండేసి జీబీలు. బ్రౌజర్లో నాలుగు ట్యాబులు తెరిస్తే చాలు, ర్యామ్ చాలక హార్డ్ డిస్కు గరగరలాడేది. ఖాళీ స్లాట్లలో ఇంకో రెండు ర్యామ్ స్టిక్కులు, నాలుగేసి జీబీలవి, పెడదామని ఏడో తరగతి చదివే మా అమ్మాయితో కలిసి కూర్చున్నాను. ఆన్‌లైన్‌లో తెప్పించాం, పెట్టాం, ఆన్ చేశాం. తెర నల్లగా ఉండిపోయింది, బీప్ బీప్ అంటూ ఒకటే మోత. "నాన్నా, మనం పాడుచేశామా?" అంది.

సరిగ్గా ఇక్కడే చాలామంది మూత బిగించేసి కారెక్కించేస్తారు. ఓపిక పట్టాల్సింది కూడా ఇక్కడే.

కరెంటు తీగ పీకి, పవర్ బటన్ ఐదారు సెకన్లు నొక్కి ఉంచాం, లోపల మిగిలిన కరెంటు పోవాలి కదా. జనవరి నెల, హీటర్‌కి ఎండిపోయిన గాలి, కింద కార్పెట్. తలుపు గుబ్బ పట్టుకుంటే చురుక్కుమనే రోజులు, ఆ స్థిర విద్యుత్తు చిప్పులని పాడుచేయగలదు. అందుకని కేసు ఇనుముని తాకాకే ర్యామ్‌ని ముట్టుకోవాలని ముందే ఒప్పందం. పాత స్టిక్కులే మళ్లీ పెడితే చక్కగా లేచింది. అంటే బోర్డు బాగుంది. కొత్తవి ఒక్కొక్కటే పెట్టి నాలుగు స్లాట్లలోనూ చూశాం. అదే మోత. సికింద్రాబాద్‌ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో కుర్రాళ్లు చేసినట్టు బంగారు పిన్నులని పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, పొట్టు తుడిచి మళ్లీ పెట్టాం. మార్పు లేదు. రెండు కొత్త స్టిక్కులూ ఒకేసారి చెడిపోవడం అరుదు. కాబట్టి అవి ఈ బోర్డుకి సరిపోవేమో అని అనుమానం వచ్చింది.

పాతదీ కొత్తదీ పక్కపక్కన బల్ల మీద పెట్టాం. రెండూ డీడీఆర్3 అనే తరం ర్యామే, గాడి ఒకేచోట ఉంది. (దీని ముందు తరం డీడీఆర్2కీ ఇలాగే 240 పిన్నులే గానీ గాడి వేరేచోట ఉంటుంది, బలవంతంగా దూరిస్తే విరుగుతుంది.) తేడా మా అమ్మాయే పట్టింది. పాతదానికి రెండువైపులా ఎనిమిదేసి చిప్పులు, కొత్తదానికి ఒకవైపే ఎనిమిది. లేబుల్ మీద పాతదానికి 2ఆర్ఎక్స్8 (రెండు వరుసల చిప్పులు) అనీ, కొత్తదానికి 1ఆర్ఎక్స్8 (ఒకే వరుస) అనీ ఉంది. బైటుకి ఎనిమిది బిట్లు కాబట్టి నాలుగు జీబీలంటే 32 గిగాబిట్లు. ఎనిమిది చిప్పులకి పంచితే ఒక్కోదానికి 4. ర్యామ్‌ని నడిపే ఆ కాలపు మెమరీ కంట్రోలర్‌కి చిప్పుకి 2 గిగాబిట్ల వరకే లెక్క తెలుసు. అదే నాలుగు జీబీలు పదహారు చిప్పుల మీద ఉంటే ఒక్కోదానికి 2, సరిపోతుంది. భాగహారం తనే చేసి చెప్పింది.

అవి వెనక్కి పంపి పదహారు చిప్పులవి తెప్పించాం. అన్నీ కలిపి 12 జీబీలు కనిపించాయి. ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86+ ప్రోగ్రాం పెట్టి రాత్రంతా వదిలేస్తే, తప్పుని చూపే ఎర్ర గీత ఒక్కటి కూడా రాలేదు. తర్వాత హార్డ్ డిస్కు తీసి, తిరిగే భాగాల్లేని వేగమైన ఎస్ఎస్‌డీ పెట్టి, విండోస్‌కి బదులు ఉచితంగా దొరికే లినక్స్ మింట్ ఎక్కించాం. నిజం చెప్పాలంటే వేగం పెరగడంలో ఎస్ఎస్‌డీది కూడా పెద్ద వాటాయే. కొత్త చిన్న పెట్టెలతో పోలిస్తే ఇది కరెంటు ఎక్కువే తాగుతుంది, పగలూ రాత్రీ నడపడానికి పనికిరాదు. వారానికి నాలుగైదు గంటలకి మాత్రం చాలా బాగుంటుంది.

మనలో ఎంతోమంది హైదరాబాద్ అమీర్‌పేట కోచింగ్ గదుల్లో నేర్చుకున్న చదువుతోనే ఇక్కడికి వచ్చి, ఈ రంగంలోనే బతుకుతున్నాం. అయినా మన పిల్లల్లో ర్యామ్‌ని చేత్తో పట్టుకున్నవాళ్లు తక్కువ. ఇది నన్ను నిజంగా బాధపెడుతుంది. ఒక్కొక్కటే మార్చి చూడడం, ఏది బాగుందో ముందు తేల్చుకోవడం, తర్వాతే అనుమానపడడం ఏ కోడింగ్ క్లాసులోనూ ఇంత తేటగా కనిపించదు. 2025 చివర్లో కొత్త మెమరీ ధరలు బాగా పెరిగాయి. పాత డీడీఆర్3 సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతుంది.

ఆ డెస్క్‌టాప్ ఇప్పుడు మా ఆదివారం తెలుగు తరగతిలో ఉంది. పిల్లలు వంతులవారీగా దాని మీద తెలుగు టైపు చేస్తారు. అలాంటివి ఇంకో నాలుగు కావాలి. అందుకే పిల్లలతో పాత కంప్యూటర్లు బాగుచేయించడానికి మన సంఘం ఒక శనివారం మధ్యాహ్నం హాలు ఇస్తే బాగుంటుందని కార్యవర్గాన్ని అడుగుతున్నాను. పెద్దవాళ్లు పక్కన కూర్చుంటే చాలు, మర పిల్లలే తిప్పాలి. వచ్చేవాళ్లు ముందే ర్యామ్ కొనొద్దు. ఇంట్లో మూత తీసి, లేబుల్ కనిపించేలా ర్యామ్ స్టిక్కుని రెండువైపులా ఫోటో తీసి తీసుకురండి, చిప్పులు అక్కడే లెక్కపెడదాం.