తొమ్మిదింటికొచ్చినా లేటే!

ఉద్యోగులు లేటుగా వస్తున్నారని కుమిలిపోయే యాజమాన్యాలకు ఒక శుభవార్త. సరిగ్గా తొమ్మిదింటికి వచ్చినవాణ్ణి కూడా లేటుగా చూపించే సదుపాయం గూగుల్ షీట్స్‌లో ఉంది, అదీ పైసా ఖర్చు లేకుండా.

ఎలాగంటారా? సెల్‌లో ఉత్త 9:00 అని టైము ఒక్కటే కొట్టి, షీట్స్‌కి కోడు రాసే యాప్స్ స్క్రిప్ట్‌లో రాసుకున్న కస్టమ్ ఫంక్షన్‌కి, అంటే మన సొంత ఫార్ములాకి ఇవ్వండి. తారీఖు లేని టైము దానికి గిట్టదు, అందుకని షీట్స్ తన రోజుల లెక్కలో సున్నా అయిన 1899 డిసెంబరు 30 తగిలించి మరీ పంపుతుంది. (31 ఎందుకు కాదంటే, 1900లో లేని ఫిబ్రవరి 29ని లోటస్ 1-2-3 అనే పాత స్ప్రెడ్‌షీట్ ఉందనుకుంది, ఎక్సెల్ మొహమాటానికి ఔనంది, ఆ లెక్క సర్దడానికి సున్నా ఒకరోజు వెనక్కి జరిగింది. పెద్దల తగువు, మనకెందుకు.) అసలు చిక్కు ఏమిటంటే అప్పటికి మన ఐదున్నర గంటల ఐఎస్‌టీ ఇంకా పుట్టలేదు, అది వచ్చింది 1906 జనవరి 1న. కంప్యూటర్లు నమ్ముకునే టైమ్ జోన్ల పట్టీలో పేరు ఏషియా/కోల్‌కతా అనే ఉన్నా, 1899 నాటికి లోపల నడిచేది మద్రాసు టైము, గ్రీనిచ్ కన్నా 5 గంటల 21 నిమిషాల 10 సెకన్లు ముందు. కలకత్తావాళ్ళకి ఈ సంగతి చెప్పకండి.

ఆ ఫంక్షన్ రాసే, ఇవేవీ ఎరగని కుర్రాడు యూటీసీ (గ్రీనిచ్) గంటలు తీసుకుని, వాటికి చేత్తో ఐదున్నర కలిపాడనుకోండి, తొమ్మిది కాస్తా 9:08:50 అయి కూర్చుంటుంది. ఐదు నిమిషాల గ్రేస్ ఉన్నా లేటు మార్కు ఖాయం. ఆ ఉద్యోగి ఎంత మొత్తుకున్నా హెచ్ఆర్ వినదు, షీటు అబద్ధం చెప్పదు కదా అంటుంది. నిజమే, చెప్పదు, కాకపోతే బ్రిటిష్‌వాడి కాలంనాటి నిజం చెబుతుంది.

దీనికి విరుగుడు ఉందని కొందరు తుంటరులు ప్రచారం చేస్తున్నారు. షీట్‌లోనే హవర్, మినిట్ ఫంక్షన్లతో టైముని విడగొట్టి ఉత్త అంకెలుగా పంపితే మద్రాసు జోలే ఉండదట. ఇంత తేలికైన పని చేస్తే జీతంలో కోత ఎక్కణ్ణుంచి వస్తుందో వాళ్ళే చెప్పాలి.

తారీఖులైనా క్షేమమా అంటే అదీ లేదు. షీట్ సెట్టింగ్స్‌లో మన టైము, స్క్రిప్ట్ సెట్టింగ్స్‌లో న్యూయార్క్ ఉంటే చాలు, మీరు కొట్టిన ఆగస్టు 15 ఫంక్షన్ లోపలికి వెళ్ళేసరికి 14వ తారీఖు మధ్యాహ్నం రెండున్నర. పైగా ఆ ఫంక్షన్ రాసే జావాస్క్రిప్ట్ భాషలో జనవరి సున్నా, అందుచేత ఆగస్టు ఏడో నెల. స్వాతంత్ర్యం ఒక నెలా ఒక రోజూ ముందే వచ్చేసినట్టు, జెండా వందనం సెలవు కూడా జూలైలోనే ఇచ్చేయొచ్చు.

పోనీ ఇప్పుడు టైమెంతో మనమే చెబుదామని ఇప్పటి టైము ఇచ్చే నౌ ఫంక్షన్‌ని మన కస్టమ్ ఫంక్షన్‌కి ఇస్తే అది ఒప్పుకోదు, ఊరికే మారిపోయే విలువలు దానికి పనికిరావట. 1899లో టైమెంతో సెకన్లతో సహా తెలుసు, ఇప్పటి టైము మాత్రం చెప్పబోయినా వినదు!

కాబట్టి ఫంక్షన్ మార్చమని గొడవ చేయకుండా ఉద్యోగులే సర్దుకోవాలని నా సలహా. రోజూ 8:51కి వస్తే షీట్‌లో 8:59:50 పడుతుంది, పది సెకన్లు మిగులు కూడా. వాటిని ఓవర్‌టైమ్‌లో కలపమని మాత్రం అడగొద్దు, ఓవర్‌టైమ్‌కి ఇంకో ఫంక్షన్ ఉంది, అదీ ఆ కుర్రాడే రాశాడు.