ఆదివారం పదింటికి ప్రశాంతంగా ఉండవలెను

అనంతపురంలో మా ఆఫీసు పెద్దలు సిబ్బంది మనసులు బాగుచేయాలని సంకల్పించారు. మే నెల, ఆదివారం, పదింటికి ‘ఒత్తిడి నివారణ శిబిరం’. రానివాళ్లకు సోమవారం మెమో. ప్రశాంతంగా ఉండనని మొండికేసే ఉద్యోగిని ఎవరు మాత్రం ఎంతకాలమని సహిస్తారు?

బెంగళూరు నుంచి దిగిన శిక్షకుడు కళ్లు మూసుకోమన్నాడు. “మీరు సెలయేటి ఒడ్డున కూర్చున్నారు. నీళ్లు గలగలా పారుతున్నాయి...” ఏడాదిలో ఎక్కువ రోజులు పెన్నాలో ఇసుకే చూసే జనానికి ఎంత పరీక్ష! అటెండరు వినయంగా అడిగాడు: “సార్, ట్యాంకర్ అనుకుంటే పర్వాలేదా?” ఆ మాట చెవిన పడగానే అకౌంట్స్ మేడం దిగ్గున కళ్లు తెరిచారు. వాళ్ల వీధికి ట్యాంకర్ వచ్చేది ఆరోజే. బిందెలు ఎవరు పెడతారోనని ఇంటికి ఫోను. అప్పటిదాకా నిమ్మళంగా ఉన్న మనిషికి టెన్షన్ పట్టుకుంది. ఇంతలో కరెంటు పోయింది. ఫ్యాన్లు ఆగాయి. “ఆ చల్లగాలిని ఆస్వాదించండి” అన్నాడాయన, చెమట తుడుచుకుంటూ. నిజంగా ప్రశాంతత పొందింది నైట్ డ్యూటీ నుంచి నేరుగా వచ్చిన వాచ్‌మన్ ఒక్కడే. గురక పెట్టాడని లేపి మరీ తిట్టారు.

చివర్లో మేనేజరు గారు “అంతా మన చేతుల్లోనే ఉందప్పా” అని సెలవిచ్చి, మిగిలిపోయిన టార్గెట్లు చదివారు. శిబిరం వల్ల ఒత్తిడి తగ్గిందని ముందే టిక్కు కొట్టిన ఫారం మీద మేం సంతకాలు పెట్టాం.

నడకను, నిదానంగా ఊపిరి తీయడాన్ని నేను వెక్కిరించడం లేదు. వ్యాయామం దిగులును తగ్గిస్తుందని డాక్టర్లూ చెబుతారు. వేళకు నిద్ర, మనసు విప్పి మాట్లాడుకునే మనిషి కూడా కావాలి. కానీ రాత్రి పదకొండింటికి గ్రూపులో పని పురమాయించే పెద్దమనిషా మాకు నిద్ర మహిమ చెప్పేది?

ఇంతకంటే దుర్మార్గం ఇంకోటుంది. రెండు వారాలు దాటినా నిద్ర పట్టక, తిండి సయించక, ఇష్టమైన పని మీదా మనసు పోక, ఎవరైనా నోరు తెరిచి బాగాలేదంటే, “నీకేం తక్కువప్పా?” అంటారు. శనక్కాయ ఎండిపోయి అప్పులోళ్లకు మొహం చాటేస్తున్న రైతుకు “పాజిటివ్‌గా ఆలోచించు” అని చెప్పడానికి నోరెట్లా వస్తుందయ్యా? ఆ మాటతో మీ బాధ్యత తీరిపోతుంది. ఆ మనిషి మళ్లీ మీకే కాదు, ఇంకెవరికీ చెప్పుకోడు.

శిబిరం ఫ్లెక్సీలో మేనేజరు గారి నిలువెత్తు ఫొటోకు చోటుంది, ‘చిరునవ్వే మందు’ అన్న సూక్తికి చోటుంది. 14416 అనే అయిదంకెలకు మాత్రం లేదు. అది 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్, మనసు బాగాలేనివాళ్ల కోసం ప్రభుత్వం పెట్టిన ఫోను సాయం. రాత్రీపగలూ ఉచితంగా, తెలుగులోనూ మాట్లాడతారు. ప్రభుత్వ మానసిక వైద్యం అందుకోవడం మన హక్కని 2017 నాటి చట్టమే చెబుతోంది. ఆ హక్కు వాడుకోవాలంటే ఒక పూట సెలవు కావాలి కదా! సెలవు చీటీలో ‘దిగులు’ అని రాసే ధైర్యం ఎవరికుంది? జ్వరమని రాస్తాం. సారు చదివి, “నీళ్లు బాగా తాగప్పా” అంటారు.