బ్రౌజరే ఆపేస్తుందన్న మాట సగమే నిజం
2018 నుంచీ క్రోమ్ బ్రౌజర్ వాటంతట అవే మోగే వీడియోలను అడ్డుకుంటోంది కాబట్టి ఇక సౌండ్ గొడవ లేదని ఈమధ్య చదివిన ఒక వ్యాసంలో అన్నారు. నేను ఒప్పుకోను. పేజీలో ఎక్కడైనా ఒక్కసారి నొక్కితే చాలు, ఆ సైటుకి శబ్దం చేసే వీలు దొరికేస్తుంది. మొన్న రాత్రి పాపను పక్కన పడుకోబెట్టుకుని ల్యాప్‌టాప్‌లో ఒక వార్తల సైటు తెరిచాను. కుకీలకు ఒప్పుకోమని అడిగే పెట్టె మూద్దామని నొక్కానో లేదో, కింద మూలనున్న ప్రకటన ఒక్కసారిగా మోగింది. పాప ఉలిక్కిపడి లేచి ఒకటే ఏడుపు, మళ్లీ నిద్రపుచ్చేసరికి గంట పట్టింది. అప్పట్నుంచి అలాంటి సైటు కనిపిస్తే క్రోమ్‌లో ట్యాబ్ మీద రైట్ క్లిక్ కొట్టి 'మ్యూట్ సైట్' పెట్టేస్తున్నాను. మళ్లీ ఎప్పుడు తెరిచినా నోరెత్తదు. ఫైర్‌ఫాక్స్‌లో ట్యాబ్ మీది స్పీకర్ గుర్తు నొక్కితే మాత్రం ఆ ట్యాబ్ వరకే శబ్దం ఆగుతుంది. ఈ తేడా వ్యాసంలో చెప్పి ఉండాల్సింది.