పాతగా కనిపించకపోతే వారసత్వం ఎలా అవుతుంది?

వియత్నాం వాళ్లంటే నాకు గౌరవమే. కానీ హొయి ఆన్ అనే పాత రేవుపట్టణంలోని వంతెన విషయంలో వాళ్లు చేసిన పని మాత్రం క్షమించరానిది. 1593లో జపాన్ వర్తకులు మొదలుపెట్టారని చెప్పే చెక్క వంతెన అది. పైన పెంకుల కప్పు, లోపల చిన్న గుడి. ఆ దేశపు ఇరవై వేల డాంగ్‌ల నోటు మీద ఉన్నదీ అదే. పునాది కుంగుతోందని, చెక్క పుచ్చుతోందని దాన్ని విప్పి, బాగుచేసి, 2024 ఆగస్టులో మళ్లీ తెరిచారు. తీరా చూస్తే కొత్త రంగుతో మెరిసిపోతోంది! సోషల్ మీడియాలో జనం దుమ్మెత్తిపోశారు. పోయరా మరి? నాలుగు వందల ఏళ్లు నిండిన వంతెనకు వయసుకు తగ్గ వాలకం ఉండొద్దూ?

ఈ విషయంలో డా నాంగ్ దగ్గరి బానా హిల్స్ వాళ్లను చూసి నేర్చుకోవాలి. అక్కడి గోల్డెన్ బ్రిడ్జిని 2018లో తెరిచారు. దాన్ని మోస్తున్నట్టుండే రెండు రాకాసి చేతులు ఫైబర్‌గ్లాస్, ఇనుప వల. అయినా నాచు పట్టి, పగుళ్లిచ్చిన పురాతన శిలలా రంగులేశారు. పుట్టి పదేళ్లు కాకుండానే వెయ్యేళ్ల పెద్దరికం! అందుకే హైదరాబాద్ నుంచి వెళ్లే టూర్ ప్యాకేజీల్లో ఆ చేతులకు ఒక రోజంతా కేటాయిస్తారు. ‘నదీ సంస్కృతి, చేతివృత్తుల గ్రామాలు’ అనే అంశానికి మర్నాడు ఒక పూట. అందులోనే భోజనం కూడా.

ఆ పూటలో చూడాల్సిన నది పేరు థూ బోన్. కొండల్లో పుట్టి, సుమారు రెండు వందల కిలోమీటర్లు ప్రవహించి, హొయి ఆన్ పక్కనుంచి సముద్రంలో కలుస్తుంది. 16, 17 శతాబ్దాల్లో చైనా, జపాన్ ఓడలు ఇక్కడికే వచ్చేవి. తర్వాత నది మేట వేసింది. పెద్ద ఓడలు రాలేకపోయాయి, వ్యాపారం డా నాంగ్‌కు పోయింది. పాత ఇళ్లు కూల్చి మేడలు లేపేంత డబ్బు హొయి ఆన్‌లో మిగల్లేదు. అలా దివాలా తీసినందుకు బహుమానంగా 1999లో యునెస్కో గుర్తింపు వచ్చింది. మన మున్సిపాలిటీలు ఈ అభివృద్ధి నమూనాను శ్రద్ధగా పరిశీలించాలని నా మనవి.

మొదటి మజిలీ థాన్ హా కుమ్మరి ఊరు. దాదాపు అయిదు వందల ఏళ్లుగా అక్కడ మట్టిపని నడుస్తోంది. ఒకామె నిలబడి కాలితో సారె తిప్పుతుంటే ఇంకొకామె కూర్చుని కుండ ఎత్తుతుంది. మట్టి నది ఇచ్చిందే. ఒకప్పుడు కుండలు, జాడీలు, పెంకులు, ఇటుకలు ఇక్కడినుంచి పడవల్లో వెళ్లేవి. ప్లాస్టిక్, అల్యూమినియం వచ్చాక కుండ అడిగేవాడు లేడు. ఇప్పుడు అడిగేది మనమే. అదీ కుండ కాదు, చెయ్యి పెట్టే ఛాన్సు. సారె ముందు కూర్చుని ‘నేనే చేస్తా’ అంటాం. రెండు నిమిషాల్లో అది వంకర పోయి యాష్‌ట్రే అవుతుంది. ఆ అమ్మ నవ్వుతూ దాన్ని సరిదిద్ది, మనమే చేశామని మనల్ని నమ్మించి పంపుతుంది. ఆ ఊళ్లో ఇప్పుడు అన్నిటికన్నా కష్టమైన విద్య అదే. ఇంకో తరానికి నేర్పించాల్సిందీ అదేనేమో.

నది అవతల కిమ్ బోంగ్ వడ్రంగుల ఊరుంది. హొయి ఆన్ ఇళ్ల నుంచి హుయే రాజభవనాల దాకా వాళ్ల చేతి పని ఉంది. సూట్‌కేసులో పట్టవు కాబట్టి ఎక్కువసేపు ఆగం.

ట్రా క్వే దగ్గర మాత్రం దిగాల్సిందే. అది ఆకుకూరలు పండించే ఊరు. నదీపాయలోని నాచు తెచ్చి మడులకు ఎరువుగా వేస్తారు. 2021లో మన పోచంపల్లికి దక్కిన ఐక్యరాజ్యసమితి ‘ఉత్తమ పర్యాటక గ్రామం’ గుర్తింపు 2024లో దీనికీ దక్కింది. పోచంపల్లి చూశారా అని మాత్రం అడక్కండి. గంట ప్రయాణంలో ఉన్నదాన్ని చూడ్డానికి ఎప్పుడైనా వెళ్లొచ్చు కాబట్టి ఎప్పుడూ వెళ్లం. ట్రా క్వేలో తాటాకు టోపీ పెట్టి, గోధుమరంగు చొక్కా తొడిగి, భుజాన నీళ్ల కావడి పెడతారు. దానికి మనమే డబ్బు కడతాం. ఇంట్లో తులసికోటకు చెంబెడు నీళ్లు పొయ్యమంటే పనమ్మాయి రాలేదా అని అడిగేవాళ్లు, అక్కడ రెండు డబ్బాల నీళ్లు మోసి వీడియో తీయించుకుంటారు. ‘శ్రమ విలువ తెలిసింది’ అని క్యాప్షన్.

ఇక పుట్టి. మన కృష్ణలో తిప్పే పుట్టి లాంటిదే, వెదురుతో అల్లి పైన జిగురు పూసిన గుండ్రటి పడవ. ఫ్రెంచివాళ్లు పడవల మీద పన్ను వేస్తే ఇది పడవ కాదు, బుట్ట అని జాలర్లు తప్పించుకున్నారని గైడ్లు చెబుతారు. నిజమో కాదో గానీ, మన చార్టర్డ్ అకౌంటెంట్లు చెవిన వేసుకోవాల్సిన కథ. కామ్ థాన్ దగ్గర నీటికొబ్బరి తోపుల్లో ఆ పుట్టిని లౌడ్‌స్పీకర్ పాటకు గిరగిరా తిప్పుతారు. తిన్న దోసకాయ పచ్చడి బయటికొచ్చేదాకా అది సంస్కృతే.

వాట్సాప్ చరిత్రకారులకు ఇక్కడ ప్రత్యేక గౌరవం ఉంది. ఈ ప్రాంతాన్ని ఏలిన చామ్ రాజులు దీన్ని అమరావతి అని పిలిచేవారు. 875లో ఇంద్రవర్మ ఇక్కడే ఇంద్రపురం అనే రాజధానిని, పెద్ద బౌద్ధ విహారాన్ని నెలకొల్పాడు. 1911లో ఆ డోంగ్ డువాంగ్ శిథిలాల దగ్గర దొరికిన కంచు బుద్ధుణ్ని చూసి, మన కృష్ణాతీరపు అమరావతి శైలే అన్నవాళ్లున్నారు. ఆ మాత్రం చాలదూ? ‘ప్రతి తెలుగువాడూ గర్వపడాలి’ అంటూ బస్సు దిగకముందే ఫార్వర్డ్ వెళ్లిపోతుంది. నాకు మాత్రం వేరే విషయం ఆశ్చర్యమనిపించింది. వాళ్ల అమరావతిలో రాజధాని కట్టారు, ఏలారు, వదిలేశారు, అది శిథిలమై తవ్వకాల్లో బయటపడింది కూడా. ఎంత వేగం! పక్కనే ‘మీ సన్’ అనే చోట ఉన్న చామ్ గుళ్లను అమెరికా బాంబులు 1969లో కూల్చితే, మన పురావస్తు శాఖవాళ్లు వెళ్లి కొన్నిటిని నిలబెట్టారు. 2020లో ఆ పనిలో ఏకశిలా లింగం ఒకటి బయటపడింది. అయితే మీ సన్ అటువైపు ఎక్కడో ఉంది, లంచ్ టైమ్‌కు కుదరదు. అందుకని ప్యాకేజీలో లేదు.

ఈ ఏర్పాట్లన్నిటికీ సహకరించనిది నది ఒక్కటే. ఏటా అక్టోబరు, నవంబరు నెలల్లో థూ బోన్ ఊళ్లోకి వస్తుంది. పాత ఇళ్లలో సామాను పై అంతస్తుకు లాగడానికి అటకకు కంత పెట్టుకున్నారు, గోడల మీద ఏ ఏడు నీళ్లెంత వచ్చాయో గీతలు గీసుకున్నారు. 1964 గీత చాలాకాలం అన్నిటికన్నా పైన ఉండేది. 2025 అక్టోబరు చివర్లో వచ్చిన వరద దాన్నీ దాటింది. ఊరివాళ్లు బురద ఎత్తిపోసుకుంటుంటే మనవాళ్లు ఏజెంటుకు ఫోన్ చేసి దీపాల పడవ డబ్బు వెనక్కివ్వమన్నారట. నదీ సంస్కృతి చూపిస్తామన్నారు గానీ నది గదిలోకి వస్తుందని బ్రోచర్‌లో లేదు కదా, వాళ్లడిగిందీ సబబే. వచ్చే సీజన్ నుంచి ఏజెంట్లు ఒక పని చేయాలి. ‘నది: వాతావరణాన్ని బట్టి’ అని కింద చిన్న అక్షరాల్లో వేయించి, జీఎస్టీ అదనం అని కూడా చేర్చాలి.