ఆ కీబోర్డు వాయించిందెవరో చెప్పండి చూద్దాం

రాక్ గాయకుడు ఓజీ ఆస్బోర్న్ పాట ‘మిస్టర్ క్రౌలీ’ మొదట్లో గిటార్ లేదు, డ్రమ్స్ లేవు. ఉన్నదంతా కీబోర్డే. ఖాళీ చర్చిలో అర్ధరాత్రి ఎవరో కూర్చుని వాయిస్తున్నట్టుంటుంది. ఓజీ గొంతు విప్పేలోపే మనకు ఒళ్ళు జలదరిస్తుంది. అది వాయించిందెవరని అడిగితే మాత్రం మనవాళ్ళు గిటారిస్టు రాండీ రోడ్స్ సోలో గురించి మొదలుపెడతారు. అయ్యా, నేనడిగింది గిటార్ సంగతి కాదు!

ఆయన పేరు డాన్ ఎయిరీ. 1948లో ఇంగ్లండులోని సండర్లాండ్‌లో పుట్టాడు. 1980 నాటి ఆ పాట రాసినవాళ్ళుగా మూడు పేర్లుంటాయి, అందులో ఈయనది లేదు.

1978లో బ్లాక్ సబ్బాత్ అనే బ్యాండు ఆల్బమ్‌లో ఉన్నాడు. 1979 నుంచి రెయిన్‌బో. 1981లో ఆ బ్యాండు బేథోవెన్ తొమ్మిదో సింఫనీని రాక్‌లోకి దించినప్పుడు కీబోర్డు ఈయనదే. 1987లో వైట్‌స్నేక్, 1990లో జూడాస్ ప్రీస్ట్. 1997లో యూరోవిజన్ అనే పాటల పోటీ గెలిచిన బ్రిటన్ పాటకు ఆర్కెస్ట్రాని నడిపించింది కూడా ఈయనే (నమ్మకపోతే వీడియో చూసుకోండి).

గిటారిస్టు ఇన్ని బ్యాండ్లు తిరిగితే ‘లెజెండ్’ అంటారు. కీబోర్డు ప్లేయర్ తిరిగితే ‘కూలికి వాయించేవాడు’ అంటారు. నాకు మండేది అక్కడే. ఒక్కో బ్యాండుకి ఒక్కో పద్ధతి. ఒకచోట ముందుకొచ్చి దుమ్ము లేపాలి, ఇంకోచోట రెండు గిటార్ల మధ్య ఉన్నట్టు తెలియకుండా ఉండాలి. రెండోది ఇంకా కష్టం.

2001లో డీప్ పర్పుల్ బ్యాండు కీబోర్డు ప్లేయర్ జాన్ లార్డ్‌కి మోకాలి దెబ్బ తగిలితే ఎయిరీ వచ్చి ఆదుకున్నాడు. 2002లో లార్డ్ పూర్తిగా తప్పుకున్నాక ఆ సీటు ఈయనదైంది. అది మామూలు సీటా? హామండ్ ఆర్గాన్ అనే కరెంటు కీబోర్డుని గిటార్లకు వాడే మార్షల్ ఆంప్‌లోకి పంపి గిటార్‌కి దీటుగా గర్జించేలా చేసిన మనిషి కూర్చున్న చోటు! ఎయిరీ చేతులు ఒక్కసారి గమనించండి. కుడిచెయ్యి కీబోర్డు మెట్ల మీద పరుగెడుతుంటే ఎడమచెయ్యి డ్రాబార్లు (ఆర్గాన్ నాదాన్ని మార్చే కడ్డీలు) లాగుతూ తోస్తూ ఉంటుంది, కాలు వాల్యూమ్ పెడల్ మీద. స్వరాన్ని వణికించే లెస్లీ స్పీకర్ స్విచ్ వేసిన వెంటనే లోపల తిరిగే హారన్ వేగం అందుకోదు, కాస్త టైమ్ పడుతుంది. అంటే స్వరం ఎక్కడ వణకాలో ముందే లెక్కేసుకుని స్విచ్ వేయాలి. ఇదంతా సోలో మధ్యలో!

2016లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి డీప్ పర్పుల్‌ని తీసుకున్నారు. 1969లోనే బయటికి వెళ్ళిపోయిన తొలి గాయకుడి పేరుంది. ఉండాలి కూడా, కాదనను. కానీ అప్పటికి పద్నాలుగేళ్ళుగా ఆ బ్యాండులో వాయిస్తున్న ఎయిరీ పేరు లేదు. కూరలో కరివేపాకు!

మొన్న ఒక మిత్రుడితో ఇదే గొడవ. “లార్డ్ లేని పర్పుల్ కూడా ఒక పర్పులేనా” అన్నాడు. నేనేం మాట్లాడకుండా ఒక పర్పుల్ పాట పెట్టాను. కళ్ళు మూసుకుని తలూపుతూ విన్నాడు. “చూశావా, అదీ లార్డ్ అంటే” అన్నాడు.

అది 2013 ఆల్బమ్. లార్డ్ 2012లోనే పోయాడు.