కౌపీన సంరక్షణార్థం

వియత్నాంలో అమెరికా యుద్ధం చేసిందని అరవై ఏళ్లుగా ఒక అపవాదు ప్రచారంలో ఉంది. అమెరికా కాంగ్రెస్ ఆ దేశం మీద యుద్ధం ప్రకటించిన దాఖలా ఒక్కటీ లేదు. ప్రకటించనిది యుద్ధం ఎలా అవుతుంది? అక్కడ జరిగింది గోచీ సంరక్షణ. ఈ సంగతి తేటతెల్లం చేయకుండా ఊరుకోవడానికి నాకు మనసొప్పలేదు.

గోచీ కథ మనకు తెలిసిందే. ఆరేసిన గోచీని ఎలుకలు కొరుకుతున్నాయని సన్యాసి పిల్లిని తెచ్చాడు. పిల్లికి పాలు కావాలి కనుక ఆవు వచ్చింది. ఆవుకు గడ్డి కావాలి కనుక పొలం వచ్చింది. పొలానికి పాలేరు, అందరికీ వండి వార్చడానికి ఇల్లాలు. కొన్నాళ్లకు గురువుగారు వచ్చి ఇదంతా ఏమిటి నాయనా అంటే, ‘కౌపీన సంరక్షణార్థం అయం పటాటోపః’ అని సెలవిచ్చాడు. తరతరాలుగా మనం ఆ సన్యాసిని చూసి నవ్వుతున్నాం. అన్యాయం. ఏ మెట్టు దగ్గర అతడు తప్పు చేశాడో చూపించండి. ఆవును కొన్నవాడు గడ్డి వేయకుండా ఉంటాడా?

వాషింగ్టన్ వారు పిల్లిని తెచ్చుకున్నది 1950లో. పాత వలసను నిలబెట్టుకోవడానికి ఫ్రెంచివాళ్లు వియత్నాంలో పోరాడుతున్నారు. వాళ్లకు ఆయుధాలిస్తున్న అధ్యక్షుడు ట్రూమన్, ఆ సరుకు వ్యవహారం చూసుకోమని మొదటి విడతగా 35 మందిని అక్కడి సైగాన్ నగరానికి పంపాడు. మన దగ్గర పెళ్లిచూపులకు అంతకంటే ఎక్కువమందే బయలుదేరతారు. 1954 మే 7న డియన్ బియన్ ఫూ అనే ఫ్రెంచి స్థావరం కూలేనాటికి ఆ యుద్ధం ఖర్చులో నాలుగింట మూడు వంతులకు పైగా అమెరికాయే భరిస్తోంది. ఫ్రాన్సు మూటాముల్లె సర్దుకుంది. డబ్బు పెట్టినవాడు మాత్రం అక్కడే ఉండిపోయాడు.

దేశాన్ని 17వ అక్షాంశం దగ్గర కమ్యూనిస్టుల ఉత్తరం, అమెరికా అండ ఉన్న దక్షిణం అని రెండుగా విడదీసిన జెనీవా ఒప్పందం, బయటి నుంచి కొత్తగా సైన్యాన్ని తేవద్దంది. ఆ ఒప్పందం అమలును చూసే అంతర్జాతీయ కమిషన్‌కు అధ్యక్షత మన భారతదేశానిదే. 1962లో ఆ కమిషన్ ఉత్తర వియత్నాంనూ తప్పుపట్టింది, దక్షిణాన పోగుపడుతున్న అమెరికా సైనిక సాయాన్నీ తప్పుపట్టింది. కమిషన్ల నివేదికలకు ఏ గతి పడుతుందో మనకు ఒకరు చెప్పాలా?

పైగా వచ్చినవాళ్లు సైన్యం కాదు, సలహాదారులు. ఈ మాటకు నిఘంటువులో ఉన్న అర్థం చాలా ఇరుకైనది. మన రాష్ట్రాల్లో సలహాదారుకు కేబినెట్ హోదా, కారు ఇస్తారు. అమెరికా మరో అడుగు ముందుకు వేసి హెలికాప్టరు, మెషీన్ గన్ను ఇచ్చింది. 1960 చివరికి దాదాపు 900 మంది సలహా ఇస్తున్నారు. కెన్నెడీ అధ్యక్షుడయ్యాక సలహాకు గిరాకీ పెరిగి 1963 చివరికి వాళ్లు 16,000 దాటారు. వాళ్లలో కొందరు విమానాలు నడిపి బాంబులు వేసేవారు. అదీ శిక్షణే. వెనక సీట్లో ఒక వియత్నాం సైనికుడు తప్పనిసరిగా కూర్చునేవాడు కదా! డ్రైవింగ్ స్కూలు కారుకు ఎల్ బోర్డు ఎలాగో, బాంబర్ విమానానికి ఆ కుర్రవాడు అలాగ.

ఇక్కడ ఒక దృశ్యం చెప్పి తీరాలి. 1961 డిసెంబరులో ఒకనాడు స్టాన్లీ కార్నో అనే అమెరికా విలేఖరి సైగాన్ నది ఒడ్డున మెజెస్టిక్ హోటల్లో, పత్రికలవాళ్లతో వ్యవహరించే అమెరికా సైనికాధికారి ఒకరితో కలిసి కూర్చున్నాడు. అంతలో నది మలుపు తిరిగి ఒక భారీ నౌక వచ్చింది. పేరు ‘కోర్’. దాని మీద ముప్పైకి పైగా హెలికాప్టర్లు. ఊరు ఊరంతా చూసేటంత దగ్గర. “అబ్బ, ఆ నౌక చూడండి” అన్నాడు విలేఖరి. అధికారి అటే చూసి, “నాకేమీ కనిపించడం లేదు” అన్నాడు. అది అబద్ధం కాదు, ఆయన ఉద్యోగం. ప్రభుత్వ కార్యాలయంలో ఫైలు కోసం తిరిగిన ప్రతి ఒక్కరికీ ఈ చూపు సుపరిచితమే.

అంతకు రెండు నెలల ముందే, కెన్నెడీ పంపగా వెళ్లిన జనరల్ మాక్స్‌వెల్ టేలర్ మెకాంగ్ డెల్టాలో వరదలు చూసి చలించిపోయాడు. మన దగ్గర వరద వస్తే పులిహోర పొట్లాలు, దుప్పట్లు పంపుతారు. ఆయన ఎనిమిది వేల మంది సైనికులను పంపమన్నాడు. వరద సహాయం పేరు మీద! కెన్నెడీ ఒప్పుకోలేదు. ఇది మందు పుచ్చుకోవడం లాంటిది, కిక్కు దిగగానే ఇంకొకటి పోయాల్సి వస్తుంది అని దగ్గరివాళ్లతో అన్నాడు. ఇంత చక్కగా చెప్పినవాడు ఏం చేయాలి? ఇంకొన్ని వేలమంది సలహాదారులను పోశాడు.

ఆ రోజుల్లోనే జార్జ్ బాల్ అనే విదేశాంగ శాఖ ఉన్నతాధికారి, ఇలాగే వెళితే ఐదేళ్లలో మూడు లక్షల మంది మన కుర్రాళ్లు ఆ వరిపొలాల్లో, అడవుల్లో ఉంటారని హెచ్చరించాడు. నీకు మతి పోయింది, అది జరిగే పని కాదన్నాడు కెన్నెడీ. ఆయన అన్నదే నిజమైంది. ఐదేళ్లకు, అంటే 1966 చివరికి, అక్కడ మూడు లక్షల మంది లేరు. 3,85,000 మంది ఉన్నారు. జార్జ్ బాల్ లాంటి అవగాహన లేనివాళ్ల మాట వింటే ఇలాగే ఉంటుంది.

1964 ఆగస్టు 2న టోంకిన్ సింధుశాఖలో అమెరికా యుద్ధనౌక ‘మాడక్స్’ మీదికి ఉత్తర వియత్నాం పడవలు వచ్చాయి. రెండు రోజుల తర్వాత చీకట్లో మళ్లీ వచ్చాయన్నారు. అక్కడున్న కెప్టెన్ హెరిక్ మాత్రం, ఇది వాతావరణం వల్లా, నీటి అడుగు చప్పుళ్లు పట్టే సోనార్ వినే కుర్రాళ్ల అత్యుత్సాహం వల్లా కావచ్చు, నిదానించి చూడండి అని తంతి కొట్టాడు. నిదానించే తీరిక ఎవరికుంది? అధ్యక్షుడు అక్కడ ఏ సైనిక చర్యైనా తీసుకోవచ్చని ఆగస్టు 7న అమెరికా కాంగ్రెస్ తీర్మానం వచ్చింది. ప్రతినిధుల సభలో 416 అనుకూలం, సున్నా వ్యతిరేకం. సెనేట్‌లో 88, రెండు. ఈ తీర్మానం అమ్మమ్మ నైట్‌గౌను లాంటిది, అన్నిటినీ కప్పుతుందని అధ్యక్షుడు జాన్సన్ మురిసిపోయాడట. గోచీని కాపాడబోయినవాడికి గౌను దొరికింది.

అక్టోబరులో అదే జాన్సన్ ఎన్నికల సభలో, ఆసియా కుర్రాళ్లు చేసుకోవాల్సిన పనికి మన కుర్రాళ్లను పది వేల మైళ్ల దూరం పంపేది లేదన్నాడు. ఎన్నికల సభలో అన్నమాటను పట్టుకుని నిలదీసే అనాగరికులం మనం కాదు కనుక ముందుకు పోదాం.

1965 ఫిబ్రవరి 7న దక్షిణ వియత్నాంలోని ప్లేకూలో సలహాదారుల స్థావరం మీద కమ్యూనిస్టు గెరిల్లాలు దాడి చేశారు. సలహాదారులకు రక్షణగా ఉత్తర వియత్నాం మీద బాంబులు వేయాలి. వేయడానికి విమానాలు కావాలి. విమానాలు దక్షిణాన సముద్రం ఒడ్డున డానాంగ్‌లో ఉన్నాయి. మరి విమానాలకు కాపలా? మార్చి 8న 3,500 మంది మెరైన్లు, అంటే ఓడల మీద వచ్చి ఒడ్డున పోరాడే అమెరికా సైనికులు, డానాంగ్ ఒడ్డున దిగారు. తుపాకులు పైకెత్తి, నీళ్లలో తడుస్తూ, శత్రువు కోసం ఇసుకలోకి పరుగెత్తుకొచ్చారు. ఎదురుగా తెల్లని దుస్తుల్లో విద్యార్థినులు, చేతుల్లో పూలదండలు. స్వాగతం అని రాసిన బ్యానర్లు. వాళ్ల అధిపతి జనరల్ కార్చ్ మెడలో దండ పడింది. ఆ ఫొటో ప్రపంచమంతా చూసింది. అందులో ఆయన ముఖాన చిరునవ్వు అనేది లేదు. మన ఊళ్లలో అలా మెడలో దండ వేసి ఊరేగించేది పెళ్లికొడుకునూ, జాతరకు తోలుకెళ్లే పోతునూ. ఆయనకు తాను ఏ కోవలోవాడో అప్పటికే అనుమానం వచ్చినట్టుంది.

వాళ్లు కాపలా మాత్రమే కాయాలని ఆదేశం. కానీ కంచె లోపల కూర్చుంటే కంచె బయటి నుంచి మోర్టారు గుండ్లు పడతాయి. కాబట్టి మోర్టారు అందనంత దూరం దాకా బయట తిరగాలి. తిరిగేవాళ్ల మీద కాల్పులు జరగకుండా అంతకు అవతలి ఊరు కూడా వెదకాలి. ఈ లెక్కన విమానాశ్రయానికి సరిహద్దు ఎక్కడో భూగోళ శాస్త్రజ్ఞులు కూడా చెప్పలేరు. ఏప్రిల్‌లో దాడులకూ అనుమతిచ్చారు. ఆ రహస్య ఉత్తర్వులోనే, విధానం హఠాత్తుగా మారినట్టు కనపడనివ్వొద్దని రాసుకున్నారు. జూలై 28న జాన్సన్ మిట్టమధ్యాహ్నం విలేఖరులను పిలిచి, బలగాన్ని 1,25,000కు పెంచుతున్నానన్నాడు. విధానం మారినట్టేనా అని ఒకరు అడిగితే, ఏమాత్రం మారలేదన్నాడు. నిజమే కదా. సన్యాసి విధానం మాత్రం ఎప్పుడు మారింది? ఆవును కొన్నప్పుడూ గోచీయే, పాలేరును పెట్టుకున్నప్పుడూ గోచీయే.

నేను గోచీ అంటున్నది వెటకారానికి కాదు, పత్రం ఉంది. 1965 మార్చిలో రక్షణ శాఖ సహాయ కార్యదర్శి జాన్ మెక్‌నాటన్ తమ లక్ష్యాలేమిటో శాతాల్లో విడగొట్టి రాశాడు. అవమానకరమైన ఓటమి తప్పించుకోవడానికి 70 శాతం. దక్షిణ వియత్నాం చైనా చేతిలో పడకుండా 20 శాతం. అక్కడి ప్రజలు మెరుగైన, స్వేచ్ఛాయుతమైన జీవితం గడపడానికి 10 శాతం. 1971లో రక్షణ శాఖ రహస్య పత్రాలు బయటపడినప్పుడు ఇదీ బయటపడింది. చాలామంది ఆ 70 చూసి ముక్కున వేలేసుకున్నారు. నాకు మాత్రం ఆ 10 దగ్గర కళ్లు చెమర్చాయి. అసలు లేకుండా పోలేదు చూశారా!

ప్రతి మంగళవారం మధ్యాహ్నం జాన్సన్ తన ముఖ్యులతో కలిసి భోంచేస్తూ ఉత్తరాన ఏ వంతెన కొట్టాలో, ఏ డిపో వదలాలో ఎంచేవాడు. నా అనుమతి లేకుండా అక్కడ మరుగుదొడ్డి మీద కూడా బాంబు వేయలేరని గొప్పగా చెప్పుకునేవాడు. అయితే బాంబుల్లో ఎక్కువ భాగం పడింది శత్రువు మీద కాదు, కాపాడటానికి వచ్చిన దక్షిణ వియత్నాం మీద. స్నేహితులకు పెద్దపీట వేయడం అంటే ఇదే. అడవుల మీద, పొలాల మీద చల్లిన కలుపుమందు ఏడు కోట్ల లీటర్ల పైమాట. 1968 ఫిబ్రవరిలో బెన్ చే పట్టణం నేలమట్టమయ్యాక ఒక మేజర్, పట్టణాన్ని కాపాడాలంటే దాన్ని నాశనం చేయక తప్పలేదన్నాడు. ఆయన ఎవరో పేరు బయటికి రాలేదు. పాపం, తర్కశాస్త్రంలో ఏ బిరుదూ రాలేదు.

సోవియట్ యూనియన్ కూడా 1979లో అఫ్గానిస్తాన్‌కు పంపిన సైన్యానికి ‘పరిమిత దళం’ అని పేరు పెట్టుకుంది. తొమ్మిదేళ్లు పరిమితంగా ఉండి వచ్చింది. అంటే ఇది ఒక దేశం సొత్తు కాదు. గోచీ ఎవరికి ఉంటే వాళ్లకు ఎలుకల బెడద ఉంటుంది.

1969 ఏప్రిల్ నాటికి ఆ 35 మంది 5,43,000 అయ్యారు. 58,000 మందికి పైగా అమెరికన్లు తిరిగి రాలేదు. వియత్నాం ప్రభుత్వం 1995లో చెప్పిన లెక్క ప్రకారం అక్కడ పోయిన సామాన్య జనం దాదాపు 20 లక్షలు, పోరాడి చనిపోయినవాళ్లు 11 లక్షలు. మెక్‌నాటన్ శాతాల్లో వీళ్లు ఏ వరుసలోకి వస్తారో ఆ కాగితంలో లేదు.

సైగాన్‌లో అమెరికా రాయబార కార్యాలయం ఆవరణలో ఒక పెద్ద చింతచెట్టు ఉండేది. 1975 ఏప్రిల్‌లో ఉత్తర వియత్నాం సైన్యం ఊరి పొలిమేరల్లోకి వచ్చేసింది. హెలికాప్టర్లు దిగాలంటే ఆ చెట్టు కొట్టాలని మెరైన్లు ఎన్నిసార్లు మొత్తుకున్నా రాయబారి గ్రాహం మార్టిన్ వినలేదు. చెట్టు పడితే అమెరికా వెళ్లిపోతోందని ఊరంతా తెలిసిపోతుందట. చింత చచ్చినా పులుపు చావదంటారు. ఇక్కడ పులుపు కోసం చింతనే బతికించారు. 29న ఇక తప్పక రంపాలు తెచ్చి కోశారు. కార్లు నిలిపే జాగాలో హెలికాప్టర్లు దిగాయి, జనం గోడలెక్కారు. సముద్రంలో ఉన్న అమెరికా నౌకల మీద చోటు చాలక హెలికాప్టర్లను నీళ్లలోకి తోసేశారు. ఈసారి అవి అందరికీ కనిపించాయి.

30న తెల్లవారుజామున మార్టిన్ కూడా హెలికాప్టరు ఎక్కాడు, వెంట మడతపెట్టిన జెండా. గుడ్డ భద్రంగానే ఉంది. ఎక్కడా ఎలుక కొరకలేదు.