బటర్‌మిల్క్ అంటే మన మజ్జిగ కాదు

విదేశీ కేకులను, కుకీలను తెలుగులో నేర్పేవారి మీద నాకు చాలాకాలంగా ఒక కోపం ఉంది. మన ఊళ్లలో దొరకని పదార్థం రాగానే వాళ్లు ఒక్క వాక్యంలో పని ముగించేస్తారు: “ఇది లేకపోతే అది వేసుకోండి, ఏమీ తేడా రాదు.” తేడా వస్తుంది. అది ఎక్కడ, ఎందుకు వస్తుందో చెప్పకుండా బదులు పదార్థాల జాబితా చదివేస్తే నష్టపోయేది, గుంటూరులోనో ఖమ్మంలోనో పావుకిలో వెన్న, నాలుగు గుడ్లు ఖర్చుపెట్టి ఓవెన్ ముందు కూర్చున్న మనిషి. అలా కూర్చున్నవాళ్లలో నేనూ ఒకదాన్ని.

ఓటీజీ అనే చిన్న కరెంటు ఓవెన్ కొన్న కొత్తలో నేను చేయబోయిన ఒక అమెరికా కేకులో కప్పు బటర్‌మిల్క్ పోయాలని ఉంది. తెలుగులో చెప్పినావిడ దాన్ని మజ్జిగ అంది. మధ్యాహ్నం భోజనానికి చిలికిన మజ్జిగలోంచే, ఉప్పు వేయకముందు ఒక కప్పు పక్కకు తీసి పోశాను. నలభై నిమిషాల తర్వాత బయటికి వచ్చింది పైన పగిలి, మధ్యలో కుంగి, చాకు దించితే మైనంలా అంటుకునే ముద్ద. నోట్లో పెట్టుకుంటే సబ్బు రుచి. మా అమ్మ ఒక ముక్క విరిచి చూసి, “దిబ్బరొట్టె అయినా ఇంతకన్నా గుల్లగా వస్తుందే,” అని పళ్లెం పక్కకు జరిపేసింది.

అమెరికాలో దుకాణంలో కొనే బటర్‌మిల్క్ పాలను తోడువేసినట్టు పులియబెట్టి చేసేది. చిక్కగా, పుల్లగా, దాదాపు గిలక్కొట్టిన పెరుగులా ఉంటుంది. మనం తాగే మజ్జిగలో సగానికి పైగా మనం కలిపిన నీళ్లే. అక్కడ ఒక కప్పు బటర్‌మిల్క్‌లో ఉన్న పులుపు సుమారు అర టీస్పూను వంటసోడాతో కలిసి పొంగి, పిండిని గుల్ల చేస్తుంది. నా మజ్జిగలో అంత పులుపు లేదు కాబట్టి మిగిలిపోయిన సోడా సబ్బు రుచి ఇచ్చింది, ఎక్కువైన నీళ్లు కేకును కుంగదీశాయి. ముప్పావు కప్పు పుల్లటి పెరుగులో పావు కప్పు పాలు గిలక్కొట్టి పోసి ఉంటే ఈ గొడవే లేదు. పాలలో నిమ్మరసం పిండి పది నిమిషాలు ఆగే పద్ధతి కూడా పనిచేస్తుంది గానీ, పెరుగు లేని రోజంటూ ఉండని తెలుగు ఇంట్లో ఆ తిప్పలు దేనికో నాకు అర్థం కాదు. నిజానికి ఈ సంగతి మనకు కొత్తదేమీ కాదు. మైదాలో పుల్లటి పెరుగు, చిటికెడు వంటసోడా వేసి నానబెట్టి మైసూరు బజ్జీ వేసే ప్రతి ఒక్కరికీ ఇది తెలుసు. తీయటి పెరుగుతో కలిపితే బజ్జీ గట్టిగా వస్తుందని బండి మీద వేసే అతను కూడా చెబుతాడు. కేకు అనగానే ఆ జ్ఞానాన్ని గుమ్మం బయట వదిలేసి వస్తాం.

అందుకే నేను పదార్థం పేరు చూడను, అది చేసే పని చూస్తాను. బ్రౌన్ షుగర్‌కు బదులు బెల్లం అని అందరూ కళ్లు మూసుకుని చెప్పే సలహానే తీసుకుందాం. బ్రౌన్ షుగర్ అంటే శుద్ధి చేసిన పంచదార పలుకులకు కొద్దిగా మొలాసిస్, అంటే పంచదార తీశాక మిగిలే నల్లటి చెరకు మడ్డి, పట్టించినది. లేత రంగు దానిలో అది సుమారు 3.5 శాతం, ముదురు రంగు దానిలో 6.5 శాతం ఉంటుంది. చాక్లెట్ చిప్ కుకీ చేసేటప్పుడు ఆ పలుకులు మెత్తటి వెన్నలో రాసుకుని, గీసుకుని గాలిని లోపలికి పట్టిస్తాయి. బెల్లం తురుము ఆ పని సరిగా చేయదు, ఉండలు కడుతుంది. కరిగించి పోస్తే గాలి అసలే చేరదు. నేను పంచదారనే వెన్నలో గిలక్కొట్టి, 200 గ్రాములకు ఒక టేబుల్‌స్పూను చిక్కటి బెల్లం పాకం, అది కూడా పూర్తిగా చల్లారాక, కలుపుతాను. కుకీ అచ్చం వాళ్లదిలా ఉండదు, కానీ కుకీలా ఉంటుంది.

అదే అల్లం కేకు, ఖర్జూరం కేకు అయితే సంగతి వేరు. అక్కడ గాలి పట్టించేది సోడా కాబట్టి, కరిగించి వడకట్టిన అనకాపల్లి బెల్లం బ్రౌన్ షుగర్ కన్నా బాగుంటుందని నా అభిప్రాయం. పాకంలో ఉన్న నీటికి తగ్గట్టు పాలు తగ్గించుకోవాలి, వేడి పాకాన్ని గుడ్ల మీద పోయకూడదు. పరమాన్నం దించి కాస్త చల్లారాక బెల్లం వేసే ఓపిక ఇక్కడా ఉండాలి. అన్నట్టు, బెల్లం వేసినంత మాత్రాన కేకు కషాయం అయిపోదు. ఆరోగ్యం పేరు చెప్పి రెండు ముక్కలు ఎక్కువ తినేవాళ్లను చూస్తున్నాను కాబట్టి చెబుతున్నాను.

కొన్నిటికి బదులు లేదు, ఆ మాట చెప్పడానికి మాత్రం ఎవరికీ నోరు రాదు. విప్పింగ్ క్రీమ్ స్థానంలో మామూలు డబ్బా ఫ్రెష్ క్రీమ్ వాడమని విని, ఒక మే నెల మధ్యాహ్నం ఐసు గిన్నెలో పెట్టి అరగంట చిలికాను. అది నురగ కూడా కట్టలేదు. డబ్బా మీద 25 శాతం కొవ్వు అని రాసే ఉంది. క్రీమ్ చిలికితే నిలబడాలంటే కనీసం 30, మంచిగా నిలవాలంటే 35 శాతం కావాలి. ఎంత చిలికినా లేని కొవ్వు రాదు. కానీ క్రీమ్ చీజ్ విషయం అలా కాదు. చిక్కటి పాలతో తోడుపెట్టిన కమ్మటి పెరుగును రాత్రంతా గుడ్డలో మూటగట్టి వేలాడదీసి, తగ్గిన కొవ్వు కోసం ఆ 25 శాతం క్రీమే కొంచెం కలిపి, నీరు వదలకుండా ఒక స్పూను కార్న్‌ఫ్లోర్ వేస్తే, ఓవెన్లో కాల్చే చీజ్‌కేకు చక్కగా కుదురుతుంది. కార్న్‌ఫ్లోర్ అంటే మన దగ్గర మొక్కజొన్న నుంచి తీసిన తెల్లటి గంజిపిండి. అమెరికా వాళ్ల వంటల్లో అదే పేరు మొక్కజొన్నలు మొత్తంగా విసిరిన పిండికి ఉంటుంది. ఆ ఒక్క పేరు వల్ల ఎన్ని కేకులు ఇసుక రొట్టెలయ్యాయో!

“అసలు సరుకు లేకపోతే అది నిజమైన కేకే కాదు” అని ఆన్‌లైన్‌లో డబ్బాలు తెప్పించుకునేవారితో కూడా నాకు పడదు. బర్మింగ్‌హామ్‌లో ఆల్ఫ్రెడ్ బర్డ్ అనే ఆయన తన భార్యకు గుడ్లు పడవని గుడ్లు లేని కస్టర్డ్ పొడిని, ఈస్ట్ పడదని 1843లో బేకింగ్ పౌడర్‌ను తయారు చేశాడు. ఇవాళ అందరూ ‘అసలు’ అనుకునే డబ్బా పుట్టింది బదులుగానే. 1883లో కేరళలోని తలస్సేరిలో మంబల్లి బాపు ఒక ఇంగ్లీషు దొర తెచ్చిన నమూనా చూసి క్రిస్మస్ కేకు చేశాడని, పక్కనే అప్పట్లో ఫ్రెంచివారి ఏలుబడిలో ఉన్న మాహే నుంచి ఫ్రెంచి బ్రాందీ తెచ్చి కలపమంటే జీడిమామిడి పళ్లతో కాచిన స్థానిక సారా వాడాడని, దొర దాన్ని మెచ్చుకున్నాడని అక్కడ చెప్పుకుంటారు. మన బేకరీ కేకులో రంగురంగుల ట్యూటీ ఫ్రూటీ పచ్చి బొప్పాయి. పైన మెరిసే ఎర్రటి చెర్రీ చాలాసార్లు చెర్రీ కాదు, రంగు వేసి పాకంలో ఊరబెట్టిన వాక్కాయ.

ఆ సంగతి తెలిసినప్పటి నుంచి ఎండు క్రాన్‌బెర్రీల చిన్న పొట్లానికి వందలు పెట్టడం మానేశాను. క్రాన్‌బెర్రీ కేకులో చేసేది తీపి మధ్య పుల్లగా తగలడం. ఆ పని వాక్కాయ కన్నా బాగా చేసేది నాకు కనిపించలేదు. వానలు పడ్డాక రైతుబజారుకు వస్తాయి. పప్పులోకి అర కిలో తీసుకుంటే, కేకుల కోసం ఇంకో పావుకిలో. నిలువునా చీల్చి గింజలు తీసేటప్పుడు పాలు కారి వేళ్లకు జిగురులా పట్టేస్తుంది, ముందే చేతులకు నూనె రాసుకోవాలి. 200 గ్రాముల పంచదార పాకంలో ముక్కలు అద్దంలా మెరిసేదాకా సన్నటి సెగ మీద ఉంచి, జల్లెడలో ఆరబెడితే రెండు రోజులకు చేతికి అంటుకోకుండా తయారవుతాయి. నారింజ తొక్క తురిమిన కేకులో గుప్పెడు వేసి మొన్న అమ్మకు పెట్టాను. రెండో ముక్క తనే కోసుకుంది. పప్పులోకి తెచ్చిన కాయలు కూడా ఇందులోకే పోశావా అని మాత్రం అడిగింది.